సుంకక్క భాగం

ఊఁ కొట్టేవాళ్ళుంటేనే చెప్తా, మధ్యలో ఆవలిస్తే ఆపేస్తా. మా తాతకు తాత ఇంకా పుట్టకముందు, ఒక ఊళ్ళో ఒక ఇల్లు. ఆ ఇంట్లో ఇద్దరు అన్నదమ్ములు, ఇద్దరు తోడికోడళ్ళు. పెద్దకోడలు సుంకక్క. ఊళ్ళోవాళ్ళకు బొంతలు కుట్టిపెట్టేది, పిల్లల్లేరు. చిన్నకోడలు ఓబులమ్మ. చేలో పనికి పొయ్యేది, ఒక కూతురుంది. పేరు ఈరమ్మ. అప్పుడప్పుడే మాటలు నేర్చిన పిల్ల.

తల్లి చేలో ఉంటే పిల్ల ఎవరి దగ్గరుంటుంది? పెద్దమ్మ దగ్గరే గదా! బొంతలకు పోగా మిగిలిన గుడ్డముక్కలు తీసి సుంకక్క ఆ పిల్లకు ఒక ఆట కుట్టింది. అరచేతంత బిళ్ళలు, లోపల దూది. ఎర్ర గళ్ళవి రెండు, నీలి చారలవి రెండు, పసుపు చుక్కలవి రెండు. ఇట్లా ఏ గుడ్డవైనా రెండే. అన్నీ కలిపి చాటలో పోసేది. పిల్ల ఒకటి తీసి దాని జోడు వెతకాల. దొరికితే "జతా!" అని అరవాల.

సాయంత్రం ఓబులమ్మ ఇంటికొచ్చి "రా నా తల్లీ" అని చేతులు చాపితే, పిల్ల తలెత్తేది కాదు.

"ఉండుమా, జత దొరకలా" అనేది.

ఓబులమ్మకు కడుపు మండిందా? భగ్గున మండింది.

"కన్నది నేను, మోసింది నేను. నాలుగు పీలికలు కుట్టి నా బిడ్డను లాక్కునింది మీ వదిన" అని మొగుని దగ్గర ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి వేరు పడదామనింది.

వేరు పడేరోజు పెద్దమనుషులొచ్చినారు. రెండు బిందెలుంటే ఇక్కడొకటి, అక్కడొకటి. రెండు ఎద్దులుంటే ఇక్కడొకటి, అక్కడొకటి. చివరికి ఆ చాట మిగిలింది.

"నా బిడ్డ ఆట, నాదే" అనింది ఓబులమ్మ.

"కుట్టింది నేను, నాదే" అనింది సుంకక్క.

"ఏందమ్మా ఈ రచ్చ!" అని పెద్దమనుషులు విసుక్కున్నారు. చాటలోకి చూస్తే ఏ బిళ్ళైనా రెండున్నాయి. వాళ్ళకు తెలిసిన పంపకం ఒకటే. ఎర్ర గళ్ళది ఇక్కడొకటి, అక్కడొకటి. నీలి చారలది ఇక్కడొకటి, అక్కడొకటి. పంచేసి, కండువాలు దులుపుకొని పొయ్యినారు. ఇంటి మధ్యన గోడ లేచింది.

ఇంకేముంది! పిల్లకు ఆడాలంటే రెండిళ్ళూ కావాల. అమ్మ ఇంట్లో ఒక బిళ్ళ తీసుకొని గోడ చుట్టూ ఉరికేది. పెద్దమ్మ ఇంట్లో జోడు చూసుకొని, "జతా!" అని అరిచి, ఇంకోదాని కోసం మళ్ళీ వెనక్కి ఉరికేది.

ఓబులమ్మ ఊరుకుంటుందా? మొదట తానే జోళ్ళు కుట్టింది. "ఇది దీని జత కాదుమా" అనేసింది పిల్ల. తర్వాత బెల్లం పెట్టింది. బెల్లం తినుకుంటానే పొయ్యింది. ఆఖరికి తలుపుకు గడియ పెట్టింది. పిల్ల ఏడ్చి ఏడ్చి కక్కుకుంటే మళ్ళీ ఆమే తీసింది.

సుంకక్కేమన్నా తక్కువదా? ఒక బిళ్ళను ఒళ్ళో దాచిపెట్టి "వెతుకు తల్లీ, యాడికి పొయ్యిందో" అనేది, పిల్ల ఇంకాసేపు ఉంటుందని. గోడ అవతల పిల్ల "అమ్మా" అంటే ఆమెకూ మండేది.

"ఆ పిలుపు నాకెందుకు లేదే ఓబీ?" అని ఒకరోజు గోడమీదుగా అడిగేసింది.

"నీ దగ్గరికొచ్చేటప్పుడు నవ్వే నవ్వు నాకు యాడుందక్కా?" అనింది ఓబులమ్మ.

ఇద్దరూ మొహాలు తిప్పుకున్నారు.

ఒక వానాకాలం జొరమొచ్చి సుంకక్క చచ్చిపోయింది. ఓబులమ్మ అందరితోపాటు ఏడ్చింది. ఏడుస్తానే "ఇంక నా బిడ్డ నాదే" అనుకునింది. అనుకునింది గదా, దాచడమెందుకు!

బావను అడిగి అవతలి బిళ్ళలన్నీ తెచ్చి ఒకే చాటలో పోసింది. "ఇంక యాడికీ పోబల్లేదు, కూర్చోని ఆడుకో" అనింది. పిల్ల కూర్చునింది. గళ్ళ పక్కన గళ్ళు, చారల పక్కన చారలు, చుక్కల పక్కన చుక్కలు పెట్టింది. ఒక్కసారి కూడా "జతా" అనలేదు.

"అయిపోయిందిమా" అని లేచింది.

మళ్ళీ ఆ చాట ముట్టలేదు. రమ్మంటే అమ్మ ఒళ్ళోకి వచ్చేది. వచ్చి, గోడ దిక్కు చూస్తా కూర్చునేది. అప్పుడు తట్టింది ఓబులమ్మకు. ఇన్నాళ్ళూ పిల్ల పోవడమే చూసి ఏడ్చింది గానీ, పోయిన ప్రతిసారీ తన దగ్గరికే ఉరికొచ్చిందని చూసుకోలేదు.

లేచి, జతకొక బిళ్ళ తీసి చెంగులో మూటగట్టింది. చివరింట్లో కాశమ్మ అని, ఎవరూ లేని మనిషి ఒంటరిగా ఉండేది. ఆమె ఒళ్ళో పోసింది.

"ఇవి నాకెందుకే?" అనింది కాశమ్మ.

"పెట్టుకోక్కా. మా పిల్ల వస్తాది. ఇది సుంకక్క భాగం."

ఈరమ్మ చేతిలో ఒక బిళ్ళతో చివరింటికి ఉరికింది. కాసేపటికి అక్కడ్నించి "జతా!" అని కేక. ఓబులమ్మకు కడుపు మండిందా? మండింది, ఎందుకు మండదూ! అయినా వాకిట్లో నిలబడి, పిల్ల ఎప్పుడొస్తుందా అని దోవ చూసింది.

అప్పట్నించి ఆ దిక్కు ఊళ్ళల్లో పిల్లలకు జతబిళ్ళలు కుడితే సగమే ఇంట్లో పెట్టుకుంటారు. మిగిలిన సగం పిల్లల్లేని ఇంటికిచ్చి "సుంకక్క భాగం" అంటారు. ఇచ్చేటప్పుడు ఏ తల్లైనా మొహం ముడుచుకుంటే, ముసలమ్మలు నవ్వి, "మండితే మండనీలేవే, ఇయ్యి" అంటారు.