తిట్ల బండ

మంగతాయికి ఏడేళ్లు. అడవి కోడిపెట్టల్లో అది ముసలి వయసే. ఏదైనా మాట్లాడే ముందు కుడికాలితో నేల గీరడం ఆమె అలవాటు.

ఆమె కాపురం గుట్ట కింద, వాగు ఒడ్డున, బలుసు పొదలో. వాగు మధ్యలో నల్లటి బండ ఒకటి ఉంది. దాని పేరు తిట్ల బండ. పాత పులి ఏలిన రోజుల్లో వారానికో పొద్దున ఎవరైనా సరే ఆ బండెక్కి రాజును తిట్టొచ్చు. కొమ్ములున్నవాళ్లా, లేనివాళ్లా, పుంజా, పెట్టా అని అడిగేవాళ్లు లేరు.

మంగతాయి పిల్లగా ఉన్నప్పుడు ఓసారి వాళ్లమ్మ ఎక్కింది.

"ఓ పులిరాజా! నీ మీసానికున్న పొడుగు నీ బుద్ధికి లేదు. నా పొద మీద బోర్లాపడి నిద్రపోయి గుడ్లన్నీ చితక్కొట్టావు. చూసి పడుకోవడానికి కళ్లు లేవా, కునకడానికేనా ఉన్నది?"

పులి గాండ్రించింది. ఆకులు జలజలా రాలాయి. పిల్ల మంగతాయి రాయి సందులో దూరింది. మర్నాడు పొద్దున అమ్మ ఎప్పటిలాగే వాగుకెళ్లింది. పులికి కాస్త దూరంలోనే నిలబడి, ముక్కు ముంచి, తలెత్తి, గుటక వేసింది. పులి ముఖం అటు తిప్పుకుని తన నీళ్లు తాను తాగింది. అమ్మ మెడ మీద జారిన నీటిచుక్క ఎండకు తళుక్కుమనడం మంగతాయికి ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంటుంది.

ఆ పులేమీ దేవుడు కాదు. ఆకలేస్తే వేటాడేది. కానీ తిట్టినందుకు ఎవర్నీ తినలేదు.

పాత పులి పోయాక కొడుకు పులి వచ్చింది. దానికి తిండి, నిద్ర తప్ప మరో ధ్యాస లేదు. రాజ్యమంతా దివాను నక్క చేతిలో పడింది. బండ మీద పాకుడు పట్టింది, ఎవరైనా జారిపడతారంటూ నక్క దాని మీద తుమ్మకంప వేయించింది. ఏరిన ఇప్పపూలు ముందు తన గుహ దగ్గర పోయాలంది. మిగిలితే పంచుతానంది. ఏనాడూ మిగల్లేదు. వాగు అవతలికి పోవాలన్నా నక్క సెలవు కావాలి.

"నేను ఏరుకున్న పువ్వు నా నోట్లో పడటానికి నీ గుహ చుట్టూ ఎందుకు తిరగాలయ్యా?" అని ఒక్కతే అడిగింది, మంగతాయి పక్క పొదలో ఉండే కౌజుపిట్ట బుల్లెమ్మ. ఆ తర్వాత బుల్లెమ్మ కనబడలేదు.

"ఏదీ బుల్లెమ్మ?" అని అడిగితే, "పుట్టింటికెళ్లింది" అంది నక్క, పళ్ల సందులో ఇరుక్కున్నదేదో నాలుకతో తోసుకుంటూ.

అప్పటినుంచీ ఎవరు మాట్లాడినా ముందు వెనక్కి చూసి మాట్లాడటం నేర్చుకున్నారు. మంగతాయి నేల గీరేది. మాట మాత్రం రాలేదు.

ఇలా ఉండగా ఒకరోజు నక్క అందర్నీ వాగొడ్డుకు పిలిచింది.

"అడవులను కొలిచే వలస కొంగ వస్తోంది. నోరెంత తెరుచుకుంటోంది, కాలెంత దూరం పోతోంది, ఏరుకున్న తిండి ఎవరి కడుపులోకి పోతోంది, ఈ మూడూ కొలిచి ఏ అడవి మేలో వరస చెబుతుంది. మనది పైవరసలో ఉంటే కొంగలన్నీ మన చెట్ల మీదే గూళ్లు కడతాయి. గూళ్లంటే గుడ్లు, గుడ్లంటే..." నక్క పెదాలు తడుపుకుంది. "అడవికి కళ! అందుకని రేపు కంప తీయిస్తాను. అందరూ బండెక్కి రాజును తిట్టాలి."

"అమ్మో!" అంది కుందేలు.

"భయమెందుకు? ఏం తిట్టాలో నేను చెబుతాగా. ఒరే పందీ, నువ్వు 'రాజా, మాకోసం నిద్రాహారాలు మానేశావు, ఇదేం బాగాలేదు' అను."

"అదీ ఒక తిట్టేనా దివానుగారూ?"

"గొంతు పెంచి అను, అదే తిట్టవుతుంది. కుందేలూ, నువ్వు 'నీ గొప్పతనం నీకే తెలియదు, మొద్దువి' అను."

కుందేలు చెవులు రెండూ వెనక్కి వాలాయి. "ఆ 'మొద్దు' తీసేద్దామా అయ్యా?"

మంగతాయి ముందుకొచ్చింది. "ఆడవాళ్లకేమీ చెప్పలేదే?"

"మీకెందుకమ్మా శ్రమ? మీ తరఫున మీ మగవాళ్లు తిడతారు. అయినా పెట్ట కూస్తే అరిష్టం."

పుంజులు కూయగా వచ్చిన శుభమేమిటో అడగాలనుకుంది మంగతాయి. బుల్లెమ్మ గుర్తొచ్చి నేల గీరి ఊరుకుంది.

మర్నాడు కొంగ దిగింది. పొడుగాటి కాళ్లు, ఎర్రటి ముక్కు, ఎన్నో వాగుల నీళ్లు తాగిన పిట్ట. నక్క వంగి వంగి దండాలు పెట్టింది. పంది గొంతు చించుకుని తిట్టింది. దుప్పిపోతు తిట్టింది. కుందేలు బండెక్కి, "నీ గొప్పతనం నీకే తెలియదు, మొ... మొ... మొత్తం!" అని దూకేసింది. రాజు ఆవలించింది.

"ఇంత ధైర్యంగా రాజును తిట్టే అడవిని నేను చూడలేదు" అంది కొంగ.

అప్పటికి కంప తీసిన బండ తడితడిగా, నల్లగా, అమ్మ నిలబడ్డనాటిలాగే మెరుస్తోంది. మంగతాయి కుడికాలితో నేల గీరింది.

"కొంగమ్మా! నువ్వూ ఆడదానివే కదా. ఈ అడవిలో నోళ్లు మగవాళ్లకే ఉన్నాయని ఎవరు చెప్పారు నీకు?"

కొంగ తడబడింది. "ఇంటి పెద్దలను అడిగితే చాలన్నారు దివానుగారు... సరే, రావమ్మా."

నక్క పళ్లు బయటపెట్టి ఓ నవ్వు నవ్వింది. మంగతాయి బండెక్కింది. గీరడానికి మట్టి లేదు. గోరు రాతికి కీచుమంది.

"రాజా! మీ నాన్న నిద్రలో మా అమ్మ గుడ్లు చితక్కొట్టాడు. నువ్వు నిద్రలో అడవినే చితక్కొడుతున్నావు. మా పూలు నక్క గుహలో కుళ్లుతున్నాయి. వాగు దాటాలంటే దాని కాళ్లు పట్టుకోవాలి. నిన్న ఈ బండ మీద కంప ఉంది. మా బుల్లెమ్మ ఒక్క మాట అడిగి మాయమైపోయింది. నువ్వు రాజువా, నక్క మీద కప్పిన పులితోలువా?"

రాజు ఒక కన్ను తెరిచి నక్కవైపు చూసింది. నక్క ఒక్క క్షణం తేలు కుట్టిన దొంగలా నిలబడింది. అంతలోనే రెండు చేతులతో చప్పట్లు మొదలుపెట్టింది.

"చూశారా కొంగమ్మగారూ! ముసలి కోడిపెట్ట రాజునే కడిగేసింది. ఎవరైనా ఆపామా? ఇంతకంటే స్వేచ్ఛ ఏ అడవిలో ఉంది?"

కొంగ తల ఊపింది. "నిజమే. పైవరసే ఇవ్వాలి."

మంగతాయి తిట్టునే నక్క తన తలపాగాలో తురాయిగా పెట్టేసుకుంది! కొంగ ఎగిరిపోతుంది. సాయంత్రానికి తనూ పుట్టింటికే.

"ఆగు తల్లీ" అంది. "మా అమ్మ కూడా ఈ బండ మీదే తిట్టింది. తిట్టడం గొప్ప కాదు. మర్నాడు ఇదే వాగులో నీళ్లు తాగింది, అదీ గొప్ప. నన్ను ఇవాళ కొలవకు. రేపు కొలువు. వానలు పడ్డాక మళ్లీ వచ్చి కొలువు."

కొంగ ఒంటికాలి మీద నిలబడి నక్కవైపు తిరిగింది.

"దివానుగారూ, ఆ బుల్లెమ్మ ఏమైంది?"

"పుట్టింటికెళ్లిందండీ."

"పిట్ట పుట్టిల్లు గుడ్డేగా! అందులోకి మళ్లీ ఎలా దూరింది?"

నక్క తోక ముడిచింది.

"ఈసారికి మీ అడవికి వరస లేదు. రేపూ ఉంటాను, వానల తర్వాతా వస్తాను. వచ్చినప్పుడల్లా ముందు మంగతాయి నీళ్లు తాగడం చూస్తాను. తర్వాత బుల్లెమ్మ ఏదని అడుగుతాను. ఆ తర్వాతే మిగతా కొలతలు" అంది కొంగ.

కుందేలు చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఒక్క గంతులో బండెక్కి, "రాజా, నువ్వు మొద్దువి! కొంగత్తా, రేపు నా గురించి కూడా అడుగు!" అని అరిచింది. వెనకే పంది ఎక్కింది. దాని వెనక దుప్పులు, ఉడుతలు, కౌజుపిట్టలు. ఆ పొద్దంతా వాగు పాతరోజుల్లోలా గోలగోలగా ఉంది. మంగతాయి ఒడ్డున కూర్చుని ఆ గోలను కళ్లు మూసుకుని వింది.

ఆపైన నక్క బతుకు కాపలా బతుకైంది. మంగతాయి పొద దగ్గరకు పాము రాకుండా చూసుకునేది, ముంగిసను తరిమేది. "అత్తా, నీళ్లకు జాగ్రత్తగా వెళ్లు, జారుతుంది" అనేది. వచ్చిన ప్రతిసారీ కొంగ మంగతాయి నీళ్లు తాగడం చూసి సంతోషించేది, బుల్లెమ్మ ఏదని అడిగి వెళ్లిపోయేది. ఆ చెట్ల మీద ఒక్క గూడూ కట్టలేదు. నక్కకు ఒక్క గుడ్డూ దక్కలేదు.

స్వేచ్ఛను తిట్టిన రోజున కాదు, తిట్టిన మర్నాడు కొలవాలి.

మంగతాయి మరికొన్నేళ్లు వాగులో నీళ్లు తాగి, ముసలితనంతో తన పొదలో తానే చచ్చిపోయింది. పాత పులి పోయాక ఆ అడవిలో అలా చచ్చిన మొదటి కోడిపెట్ట ఆమే.