పదివేల మొక్కల నీడ

అనంగదేవ మహారాజుకి ఒకరోజు పొద్దున్నే పచ్చదనం మీద ప్రేమ పుట్టుకొచ్చింది. పొరుగు రాజు తన తోటల గురించి గొప్పలు పోతూ ఉత్తరం రాశాడు మరి.

"మన రాజ్యంలో అందరికంటే ఎక్కువ చెట్లు పెంచినవాడికి హరిత చక్రవర్తి అనే బిరుదూ, బంగారు కడియమూ ఇస్తాను" అని కొలువులో ప్రకటించాడు.

మాట పూర్తి కాకముందే విద్యాపీఠం కులపతి శంభుభట్టు లేచి నిలబడ్డాడు.

"ప్రభూ, మా ఆవరణలో ఏటా మొక్కల పండగ చేస్తాం. పండగకి వెయ్యి మొక్కలు. పదేళ్లలో పదివేలు నాటాం. ఆకుని ఎందుకు కాపాడాలో చెబుతూ ఒక గ్రంథం కూడా రాశాం. మూడు బండ్ల తాటాకులు పట్టాయి."

సభంతా చప్పట్లు కొట్టింది. తాటాకుల సంగతి ఎవరికీ తట్టలేదు.

"అయితే ఎల్లుండి వస్తాను. కళ్లారా చూసి, కడియం అక్కడే తొడుగుతాను" అన్నాడు రాజు.

మర్నాడు పోలమ్మ ఏడుస్తూ పైడన్న ఇంటికి వచ్చింది. పైడన్న రాజుగారికి గొడుగు పట్టేవాడు. పోలమ్మ విద్యాపీఠంలో ఊడ్చి, నీళ్లు పోసే మనిషి.

"తమ్ముడూ, నా చింతచెట్టు కొట్టేస్తారట."

"ఎందుకక్కా?"

"బిరుదు వచ్చాక అక్కడ రాతితో హరిత మండపం కడతారట. రేపు మిట్టమధ్యాహ్నం ముహూర్తం. గొడ్డళ్లవాళ్లు అప్పుడే వచ్చి కూర్చున్నారు. మా అత్త నీళ్లు పోసి పెంచిన చెట్టయ్యా. పిల్లలు దాని కిందే చదువుకుంటారు."

"పదివేల చెట్లున్నాయి కదక్కా, ఒకటి పోతే ఏం?"

పోలమ్మ ఏడుపు ఆపి అతని చెవిలో ఏదో చెప్పింది. పైడన్న పడీ పడీ నవ్వాడు. "ఇంటికెళ్లి కడుపునిండా తిను అక్కా" అన్నాడు.

మరునాడు రాజు విద్యాపీఠం వాకిట్లో పల్లకీ దిగేసరికి వైశాఖం ఎండ నిప్పులు కక్కుతోంది. పైడన్న గొడుగు తెరవలేదు. ముడిచి గుండెకి హత్తుకుని నిలబడ్డాడు.

"ఏరా, నిద్రపోతున్నావా?" అన్నాడు రాజు.

"భయం ప్రభూ. పదివేల చెట్లు నాటిన చోట నేను గొడుగు తెరిస్తే, ఇక్కడ నీడ లేదని దండోరా వేసినట్టవదూ? కులపతిగారు నొచ్చుకుంటారు."

శంభుభట్టు ఛాతీ బెత్తెడు ఉబ్బింది. "చక్కగా చెప్పావు! గొడుగు పల్లకీలో పడేసి కోటకి పంపించెయ్. మా దగ్గర దాంతో పనేముంది?"

పల్లకీ వెళ్లిపోయింది. దాంతోపాటు గొడుగూ వెళ్లిపోయింది.

అందరూ తివాచీ మీద నడక మొదలుపెట్టారు. ఎటు చూసినా చెక్కిన బండలే. నూరడుగులు వేసేసరికి రాజుగారి కిరీటం పెనంలా కాలింది.

"చెట్లేవయ్యా?"

"ఇంకొంచెం ముందుకి, ప్రభూ."

తివాచీ ఒక గుంట దగ్గర అయిపోయింది. గుంటలో కర్రకి కట్టిన ఎండుపుల్ల ఒకటి. దాని చుట్టూ ఏటికొకటిగా, పెద్దల పేర్లు రంగుతో రాసిన పది శిలాఫలకాలు, ఒక్కొక్కటీ మనిషెత్తు.

"ఇదేమిటి?"

"మొక్కలు నాటే చోటు, ప్రభూ."

"ఒక్క గుంటేనా?"

"పెద్దల పాదాలకి మట్టి అంటకూడదు కదా. తివాచీ ఇక్కడిదాకే వస్తుంది. అందుకని ఏటా ఇందులోనే."

"మరి పదివేలు?"

"పండగకి వెయ్యిమంది పెద్దలు వస్తారు. అందరూ మొక్క మీద చెయ్యి వేస్తారు. చెయ్యికి ఒక మొక్క చొప్పున రాసుకున్నాం."

"ఆ మొక్క ఏమవుతుంది?"

"మర్నాటి నుంచి మాకు సెలవులు, ప్రభూ."

రాజు అక్కడే నీళ్లకుండతో నిలబడ్డ పోలమ్మ వైపు తిరిగాడు. "నువ్వయినా నీళ్లు పొయ్యకపోయావా?"

"పొయ్యనివ్వలేదు బాబూ. రాళ్ల మీద రంగు పోతుందన్నారు."

రాజుకి ఇంక అడిగే ఓపిక లేదు. కళ్లు బైర్లు కమ్ముతుంటే చుట్టూ చూశాడు. దూరంగా గొడ్డళ్లవాళ్ల వెనక చింతచెట్టు పచ్చగా కనిపించింది. కిరీటం చంకలో పెట్టుకుని పరిగెత్తాడు. మంత్రులూ పరిగెత్తారు. అందరికంటే ముందు చెట్టు కింద చేరింది మాత్రం కులపతే.

చల్లని గాలి వీచింది. పోలమ్మ కుండలో నీళ్లు ముంచి ఇచ్చింది. రాజు ప్రాణం కుదుటపడింది.

అంతలో గొడ్డళ్ల మేస్త్రి దగ్గరికొచ్చి చేతులు కట్టుకున్నాడు. "కులపతిగారూ, ముహూర్తం దాటిపోతోంది. తమరంతా కాస్త పక్కకి జరిగితే చెట్టు కొట్టేస్తాం."

శంభుభట్టు చెట్టు మొదలుకి మరింత ఆనుకున్నాడు. నీడ వదిలి జరగలేదు.

రాజుకి ఒళ్లు మండింది. "పైడన్నా! మళ్లీ ఆ ఎండలో పడాలా? నా గొడుగేదిరా?"

పైడన్న చింతకొమ్మల వైపు చూపించాడు.

"మీ గొడుగుని కులపతిగారు కోటకి పంపించేశారు ప్రభూ. మిగిలిన గొడుగు ఇదొక్కటే. దీన్నీ ఇప్పుడే ముడిచెయ్యమంటున్నారు!"

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. మంత్రులు నవ్వారు. ఎవరిని చూసి నవ్వుతున్నారో తెలియక మేస్త్రి కూడా నవ్వాడు.

రాజు కడియం తీసి పోలమ్మ చేతికి తొడిగాడు. గొడ్డళ్లవాళ్లకి పలుగులిచ్చి, బండలు లేపి గుంటలు తవ్వమన్నాడు.

"శంభుభట్టూ, ఇక చెయ్యికొక గుంట. నీళ్లు నువ్వే మొయ్యి. నీ మొక్క నీ నెత్తికి నీడ ఇచ్చిన రోజున రా, బిరుదు ఇస్తాను."

తర్వాత పైడన్న భుజం తట్టాడు. "నీకేం కావాలిరా? ఆలోచించే అడుగు. ఇవన్నీ చెట్లయితే నీ గొడుగుతో నాకు పని ఉండదు."

"ఇరవై ఏళ్లుగా మోస్తున్నాను ప్రభూ, రెక్కలు పడిపోయాయి. నాకు కావలసింది అదే!"

చింతచెట్టు కింద మళ్లీ నవ్వులు మోగాయి. శంభుభట్టు మాత్రం కుండ ఎత్తుకుని, నవ్వకుండా, బావివైపు నడిచాడు.