బండి కింద దూరని జాకీ

పూర్ణయ్యగారికి ఓపిక తక్కువ. ఆశ్రమం నడిపే మనిషికి అంత విసుగేమిటని అనుకుంటూనే జనం ఆయన దగ్గరికి వెళ్ళేవారు. శిష్యురాలు శేషారత్నం వారాల తరబడి ఒకే ప్రశ్న అడుగుతోంది.

“గురువుగారూ, ఇంకెవరిచేత చెప్పిస్తే మావాడు లేస్తాడు?”

ఉద్యోగం పోయిన దగ్గర్నుంచి ఆమె కొడుకు కౌశిక్ గది దాటి రాలేదు. లేచి బయటికి రమ్మని ఆమె చెప్పింది. మేనమామ చెప్పాడు. చదువు చెప్పిన ప్రిన్సిపాలుగారిని బతిమాలి తీసుకొస్తే ఆయనా చెప్పి వెళ్ళాడు. నిన్న పొద్దున్న మాత్రం కౌశికే నోరు విప్పాడు. “నేను లేకపోతే నీకు హాయిగా ఉంటుందమ్మా” అన్నాడు. ఇవాళ తెల్లవారగానే ఆమె ఆశ్రమానికి పరుగెత్తుకొచ్చింది.

అంతా విని గురువుగారు లేచారు. బియ్యం బస్తాలతో బయల్దేరుతున్న ఆశ్రమం వ్యాను చూపించి, “ఎక్కు, మీ ఇంటి దగ్గర దించుతాం” అని తనూ ఎక్కారు.

కాలవ వంతెన దాటగానే వెనక టైరు పేలింది. డ్రైవరు దావీదు జాకీ తీశాడు. గాలి పోయిన బండి నేలకి దిగిపోయి ఉంది. జాకీని పూర్తిగా దించినా ఇరుసు కిందికి దూరలేదు. దావీదు పరుగున వెళ్ళి, ఆగి ఉన్న లారీవాళ్ళనడిగి ఇంకా పెద్దది మోసుకొచ్చాడు.

“చిన్నదే దూరలేదు కదరా, ఇది దూరుతుందా?” అన్నారు గురువుగారు.

“ఇది లారీనే లేపుతుందండి.”

“లేపుతుంది. ముందు కిందికి వెళ్ళాలిగా. నెత్తిన పెట్టుకుని ఊరేగుతావా?”

శేషారత్నానికి ఒళ్ళు మండింది. ఇంట్లో పిల్లవాడు అలా ఉంటే, నడిరోడ్డు మీద ఈ జాకీల గోలేమిటి?

గురువుగారే ఎదురుగా ఉన్న కార్ల షెడ్డుకి వెళ్ళి, చక్రాల మీద దొర్లే పల్చటి జాకీ అడిగి తెచ్చారు.

“కార్లకి వాడేదండి ఇది. ఇంత బరువు ఎత్తదు” అన్నాడు దావీదు.

“అయితే బస్తాలు దించు. వాదన తర్వాత.”

బస్తాలు దించారు. జాకీ నేలని రాసుకుంటూ ఇరుసు కిందికి పోయింది. బండి కొద్దిగా లేచింది. ఆ సందులో దావీదు లారీ జాకీ పెట్టాడు. ఈసారి అది దూరింది.

అతను టైరు మారుస్తుంటే గురువుగారు శేషారత్నాన్ని అడిగారు.

“మీవాడు ఎక్కడ పడుకుంటాడు?”

“కింద, చాప మీదండి.”

“ప్రిన్సిపాలుగారు ఎక్కడ కూర్చుని చెప్పారు?”

“ఆయనకి కుర్చీ వేశాను.”

“మరి నువ్వు?”

“గుమ్మంలో నిలబడి చెబుతానండి. రోజూ.”

గురువుగారు చేతుల మసి గుడ్డకి తుడుచుకున్నారు.

“నిలబడింది చాలు. ఇంటికెళ్ళి వాడి పక్కన కింద కూర్చో.”