దస్తగిరమ్మ పరుపు

కాశింవలికి ఆ వారమంతా అన్నం సయించలేదు. గురువారం మౌలాలి వస్తాడు. వచ్చి ఒకే ఒక్క మాట అడుగుతాడు. ఆ మాటకు తన దగ్గర జవాబు లేదు.

ఆదోని పోయే దారిలో, గుట్ట పక్కన ఒక చిన్న దర్గా ఉండేది. అక్కడ కాశింవలికి గురువు, అందరికీ పెద్దదిక్కు హుసేనయ్య తాత. దూదేకుల ఇంట పుట్టిన మనిషి. గడ్డం నెరిసినా దూది ఏకే విల్లు పక్కన పెట్టలేదు. మనసు చెదిరినవాళ్ళను ఇంటివాళ్ళు తెచ్చి ఆయన దగ్గర దిగబెట్టేవాళ్ళు. తాత ఎవర్నీ కట్టేయనిచ్చేవాడు కాదు. "ఊదుపొగ బెంగకు, మాత్ర జబ్బుకు" అని, టౌను డాక్టరు దగ్గరికి తానే వెంటబెట్టుకొని పోయేవాడు.

మౌలాలి చెల్లెలు దస్తగిరమ్మ అట్లా వచ్చిన మనిషే. ఎవరూ లేనిచోట ఎవరో మాట్లాడినట్టు ఆమెకు వినబడేది. ఆ మాటలకు జడిసి ఒకసారి చేలకడ్డం పడి పరుగెత్తింది. డాక్టరు దాన్ని స్కిజోఫ్రీనియా అన్నాడు. తాతకు ఆ పేరు నోరు తిరగలేదు.

"పేరు ఆయన దగ్గరే ఉండనీలే. మనిషి మన దగ్గర ఉంది గదా" అన్నాడు.

ఇప్పుడు దస్తగిరమ్మ మాత్రలు తప్పకుండా మింగుతోంది. వంటింట్లో చేయిసాయం చేస్తోంది. కానీ మౌలాలి పోయినసారి గట్టిగా చెప్పిపోయాడు: "పూరా నయమైందంటే ఇంటికి తీసుకపోతా. కాలేదంటే, యాడో దూరాన తాళాలేసి పెట్టే చోటుందంట, ఆడ చేర్పిస్తా. దినామూ భయపడతా బతకలేం మేము."

అయిందీ కానిదీ చెప్పాల్సింది కాశింవలి. తాత ఆ పని శిష్యుడికే అప్పజెప్పినాడు.

కాశింవలి పద్ధతి ఒకటే. ఎదురుగా కూచోబెట్టుకొని అడుగుతాడు.

"మాటలు వినబడుతున్నాయా అక్కా?"

"వినబడుతున్నాయి."

ఆమె అబద్ధమాడదు. అదే వచ్చిన చిక్కు.

"కొంచెమన్నా తగ్గినాయా?"

"ఏమో నాయనా. నేనేమన్నా కొలిచినానా?"

నయం కాలేదని చెబితే తాళాల చోటికి పోతుంది. అయిందని చెబితే అబద్ధమవుతుంది. కాశింవలి తాత దగ్గరికి పోయి నిలబడ్డాడు. తాత అరుగు మీద ఒక పాత పరుపు కుట్లు విప్పుతున్నాడు.

"తాతా, నయం కావడాన్ని దేంతో కొలవాల?"

తాత తలెత్తలేదు. "వంటింట్లో తక్కెడుంది, తీసుకరాపో" అన్నాడు.

కాశింవలి తెచ్చాడు. తాత పరుపులోని దూదిని బయటికి లాగాడు. ఏండ్లకేండ్లు ఒళ్ళు కింద నలిగి, చెమట పట్టి, రాళ్ళలాగా గడ్డకట్టిన దూది.

"తూకమెయ్యి."

రెండు గడ్డలు తక్కెడలో పెట్టి, తూకపురాళ్ళు సరిచూసి బరువు చెప్పాడు కాశింవలి. తాత ఆ గడ్డలను ముందర వేసుకొని, విల్లు దించి, చెక్కగుండుతో నారిని కొట్టడం మొదలుపెట్టాడు. ధంగ్, ధంగ్ అని అరుగంతా అదురుతోంది. గడ్డ విడుతోంది, విడి పైకి లేస్తోంది. కాశింవలి తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకొని, ఇందులో తన ప్రశ్న ఎక్కడుందా అని వెతుకుతూ కూచున్నాడు.

"ఊ. మళ్ళా వెయ్యి" అన్నాడు తాత.

ఈసారి దూది తక్కెడలో పట్టలేదు. ఒకవైపు అదిమితే ఇంకోవైపు పొంగింది. కొంత గాలికి లేచి కాశింవలి మీసాల మీద వాలింది. చివరికి గుడ్డలో మూటకట్టి పెట్టాడు. రాళ్ళు అవే సరిపోయినాయి.

"దుమ్మంత తేడా తాతా. తూకం అంతే ఉంది."

"అట్లనా!" అన్నాడు తాత. "అంటే ఇంతసేపూ నేను చేసిందేమీ లేదన్నమాట. ఊరికే చేతులు నొప్పి."

"అదేంది తాతా! ఎంత మెత్తగైంది!"

"ఎంత?"

కాశింవలి అరచేత్తో నొక్కి చూశాడు. చెంపకు ఆనించుకున్నాడు. "ఎంతంటే... చేత్తో చెప్పేది కాదు ఇది. పడుకుంటేగానీ తెలీదు."

"ఎవరు?"

కాశింవలి విప్పిన పరుపు గుడ్డ వైపు చూశాడు. ఎర్రపూల గుడ్డ. దస్తగిరమ్మ ఇంటి నుంచి వస్తూ తెచ్చుకున్న పరుపది.

వంటింటి గడపలో దస్తగిరమ్మ వంకాయలు తరుగుతోంది. కాశింవలి పోయి కింద కూచున్నాడు. ఈసారి ఎదురుగా కాదు, పక్కన.

"ఆ మాటలొస్తే నువ్వేం చేస్తావక్కా?"

ఆమె కత్తిపీట మీద నుంచి చేయి తీసింది. ఎవరూ అడగని మాట అది.

"పొద్దున ఆ గొంతు వచ్చి, పప్పులో విషముందనింది. ముందైతే కుండ పారబోసేదాన్ని. ఇప్పుడు ఒక గరిటె నేనే తిని చూస్తా. ఉప్పు మాత్రం ఎక్కువైంది."

కాశింవలికి నవ్వాగలేదు. ఆమే నవ్వింది.

"ఇంటికి పోతే ఏం కావాల నీకు?"

ఆమె తరిగిన ముక్కలు నీళ్ళలో వేసింది. "నా అర్ర తలుపుకు గడియ బయటివైపు పెట్టినారు. లోపలివైపు ఉండాల."

గురువారం మౌలాలి బండి దిగీ దిగకముందే అడిగాడు. "ఏమబ్బా వలీ, అయిందా, కాలేదా?"

"నన్ను అడగొద్దన్నా. అక్కను అడుగు."

"బాగుంది! జబ్బు మనిషిని అడిగేదేంది?"

"నేనూ అట్లే అనుకున్న్యా."

దస్తగిరమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది. "మాటలు ఇంకా వస్తాండాయన్నా" అంది. మౌలాలి ముఖం వాడిపోయింది. ఆమె చెప్పుకుంటూ పోయింది. "వస్తే రానీ. నా పని నేను చేసుకుంటా. మరీ ఎక్కువైతే నీకే చెబుతా, డాక్టరు కాడికి పోదాం. గడియ మాత్రం లోపలివైపు పెట్టించు."

మౌలాలి తాత వైపు చూశాడు. తాత సూదిలోకి దారం ఎక్కిస్తున్నాడు. కాశింవలి వైపు చూశాడు. అతను నేల చూస్తున్నాడు. ఇక చూడ్డానికి చెల్లెలే మిగిలింది. ఆమె కూడా అతన్నే చూస్తోంది, కన్ను తిప్పకుండా.

"సరే, రేపు వడ్లాయన్ను పిలిపించి గడియ మార్పిస్తాలే" అన్నాడు. "పద, నీ పరుపేదీ?"

తాత మళ్ళీ కుట్టిపెట్టిన పరుపును ఇద్దరూ కలిసి చుట్టబోయారు. అది చుట్టకు లొంగలేదు. ఎట్లో బండి వెనకాలకు ఎత్తితే తాడు చాలలేదు.

"ఇదేందప్పా!" అన్నాడు మౌలాలి రొప్పుతూ. "తెచ్చినప్పుడు చంకలో పట్టింది గదా! కొత్త దూది కలిపినారా ఏంది?"

తాత ఏదో చెప్పబోయి శిష్యుణ్ణి చూసి ఆగాడు.

కాశింవలి ఇంకో తాడు తెచ్చి, బిగించకుండా వదులుగా కడుతూ అన్నాడు:

"లేదన్నా. తూకం అంతే."