కాఫీ మిషను నొసటన బొట్టు

ధర్మవరంలో రుక్మాంబగారి దగ్గర వేదాంతం వినడానికి వచ్చేవాళ్ళందరికీ ఆవిడ అలవాటొకటి తెలుసు. ఎవరు ఏ ప్రశ్న అడిగినా, అది మోక్షం గురించి కానీ మోకాళ్ళ నొప్పి గురించి కానీ, ఆవిడ వెంటనే జవాబు చెప్పరు. "కాఫీ తాగినాక చెప్తా నాయనా" అంటారు. పొద్దున ఏడున్నరకు పాఠం ముగుస్తుంది. ఒకే ఒక్క కప్పు కాఫీ తాగుతారు. కప్పు కింద పెట్టాకే నోరు విప్పుతారు. ఆ కాస్సేపట్లో చాలామంది ప్రశ్నలు వాటంతటవే చల్లారిపోయేవి. ఇంకా వేడిగా మిగిలినవాటికే ఆవిడ జవాబు.

ఫాల్గుణంలో ఒక ఉదయం ఓబులేసు అడిగిన ప్రశ్న చల్లారే రకం కాదు. ఓబులేసుకు ముప్ఫై రెండేళ్ళు. పట్టుచీరల అంచులకు కంప్యూటర్లో డిజైన్లు గీస్తాడు. హంసలూ, లతలూ, మామిడి పిందెలూ గీసి గీసి, కళ్ళు ఎప్పుడూ ఇంకెక్కడో విహరిస్తున్నట్టుండే మనిషి. ఆరేళ్ళుగా ఒక్క పాఠం తప్పలేదు. ఆ వేళ బండి మీద దారిపొడుగునా వేపపూత వాసన పీలుస్తూ, అనాల్సిన మాటలు లోలోపల అల్లుకుంటూ వచ్చాడు. పాఠం ముగియగానే లేచి నిలబడి చేతులు కట్టుకున్నాడు.

"అమ్మా, శాంతి లేని ఇంట్లో ఉండి సాధన చేసేది నా వల్ల కాదు. ఇల్లు విడిచి మీ దగ్గరికే వచ్చేస్తా. ఆ వెనక గది చాలు నాకు. రమ్మంటారా, వద్దంటారా?"

పాఠం వినే వరండాలో తలలన్నీ అతని వైపు తిరిగాయి. అతని భార్య చౌడేశ్వరిని, అతని నోట ఈశ్వరిని, అక్కడ అందరూ ఎరుగుదురు. పెళ్ళయి ఐదేళ్ళు. రుక్మాంబగారు ఊఁ అంటే చాలు, ఓబులేసు ఇక ఆ ఇంటి గడప తొక్కడు. రెండు జతల బట్టలు సంచీలో పెట్టుకునే వచ్చాడు.

ఆవిడ అతని ముఖంలోకీ, గోడకానించిన సంచీ వైపూ చూశారు. "కాఫీ తాగినాక చెప్తా" అన్నారు.

కాఫీ పని ఓబులేసుదే. రెండేళ్ళ కిందట ఆవిడ మణికట్టు వణకడం మొదలై, మరిగే డికాక్షను చేతి మీద పోసుకున్నప్పుడు, ఒక్క కప్పుకు సరిపడే ఈ కాఫీ మిషను తెచ్చి పెట్టింది అతనే. వెనక తొట్టిలో నీళ్ళు పోయాలి, పైన మూత ఎత్తి కాఫీపొడి నింపిన చిన్న క్యాప్సూలు పెట్టాలి, మీట నొక్కాలి, అంతే. దాన్ని అతను ప్రేమించాడనే చెప్పాలి. ప్రతి శుక్రవారం పాత పట్టుగుడ్డతో నిగనిగలాడేట్టు తుడిచి, నెత్తిన ఒక మల్లెపువ్వు పెట్టేవాడు. కిటికీ వెలుగులో అది నల్లకలువలా మెరిసేది. కాఫీ కారే చప్పుడు అతనికి ఎక్కడో దూరపు కొండల్లో పడుతున్న వానలా వినిపించేది.

ఆ వేళ మాత్రం వాన పడలేదు. మీట నొక్కగానే మిషను గుర్రుమంది, వణికింది, రెండు చుక్కలు రాల్చి ఊరుకుంది. మళ్ళీ నొక్కాడు. ఈసారి ముక్కుతూ మూలుగుతూ అరచెంచాడు గోధుమరంగు నీళ్ళు ఇచ్చింది. వేలు పెట్టి చూస్తే గోరువెచ్చన కూడా లేదు. వైరు ఊడదీసి మళ్ళీ పెట్టాడు. క్యాప్సూలు మార్చాడు. నెత్తిన రెండు తట్టాడు. చివరికి దండం కూడా పెట్టాడు.

"ఏమప్పా ఓబులేసూ!" అని వరండాలోంచి గంగులప్ప కేకేశాడు. ఆయన బస్సు కండక్టరుగా రిటైరైన మనిషి, ఆయన గుసగుస కూడా చివరి సీటు దాకా వినిపిస్తుంది. "కాఫీ కాస్తా ఉండావా, బోరు వేస్తా ఉండావా?"

"రెండు నిమిషాలు మామా!"

"ఎన్నడుగులు పోయిందప్పా? తడి ఏమైనా తగిలిందా?"

వరండాలో నవ్వులు. ఓబులేసుకు చెవులు కాలాయి. బతుకులో ఇంత పెద్ద ప్రశ్న అడిగి నిలబడితే, దాని జవాబు పోయి పోయి ఒక ప్లాస్టిక్ గొట్టంలో ఇరుక్కోవడమేమిటి! మిషను కంపెనీకి ఫోను చేశాడు. పాట తర్వాత పాట వినిపించి, చివరకు ఒక అమ్మాయి పలికింది.

"నమస్తే సార్. మిషను ముందువైపు నారింజ రంగు లైటు ఆరుతూ వెలుగుతూ ఉందా సార్?"

ఓబులేసు చూశాడు. "లేదు మేడం. ఏ లైటూ లేదు."

"మీట కింద ఉంటుంది సార్, ఒకసారి సరిగ్గా చూడండి."

"చూస్తానే ఉన్నా కదా. లేదంటే లేదు."

"అయితే లోపల మోటారు పోయి ఉండొచ్చు సార్. బెంగళూరుకు పంపాలి. పదిరోజులు పడుతుంది."

"పదిరోజులా! మేడం, ఇది నా జీవిత సమస్య."

"అర్థమైంది సార్. కాఫీ లేకపోతే అందరూ అట్లే అంటారు."

ఓబులేసు ఫోను జేబులో కుక్కుకుని వరండాలోకి వచ్చాడు. "అమ్మా, మిషను పాడైంది. పొయ్యి మీద కాచి తెస్తా, తాగండి."

"నాకు దాంట్లోదే కావాల" అన్నారు రుక్మాంబగారు, మారాం చేసే చిన్నపిల్లలా. మోకాలి మీద చెయ్యూని లేచి, మెల్లగా వంటింట్లోకి నడిచారు. తమాషా పోగొట్టుకోవడం ఇష్టం లేక గంగులప్ప కూడా వెనకే వచ్చాడు. ఆవిడ మిషనును అటూ ఇటూ తిప్పి చూసి, వంగి, కళ్ళజోడు సర్దుకున్నారు.

"దీని నొసటన ఆ బొట్టేంది?"

మీట కింద గుండ్రంగా, ఎర్రగా ఒక బొట్టు ఉంది.

"దసరాకు ఆయుధపూజ చేసినాం కదమ్మా..."

"పూజకు పెట్టింది కుంకుమ. ఇది స్టిక్కరు."

ఓబులేసు నీళ్ళు నమిలాడు. "అక్కడొక లైటు ఊరికే ఆరిపోతా వెలుగుతా ఉండె. వరండాలో ధ్యానానికి కూర్చుంటే సరిగ్గా నా కంట్లో పడతాండె. కాఫీకేం ఇబ్బంది లేదు, బాగానే వస్తాండె. అందుకని ఈశ్వరి బొట్ల అట్టలోంచి ఒకటి తెచ్చి అంటించినా."

"అప్పటినుంచి?"

"అప్పటినుంచి ప్రశాంతంగా ఉందమ్మా."

రుక్మాంబగారు గోటితో బొట్టు పీకారు. దాని వెనక నారింజ రంగు దీపం ఆరుతోంది, వెలుగుతోంది. ఐదు నెలలుగా ఆ చీకట్లో అది ఒక్క క్షణం మానలేదని చూడగానే తెలిసిపోతోంది.

"మా డ్రైవరొకడు ఇంజను ఎర్రలైటు మీద వినాయకుని బొమ్మ అంటించినాడు" అన్నాడు గంగులప్ప. "కదిరి ఘాటులో అందరం దిగి తోసినాం. స్వామి మాత్రం లోపలే కూర్చునె."

రుక్మాంబగారు నవ్వలేదు. "దీంట్లో నీళ్ళేవి పోస్తా ఉండావు?"

"మీ బోరు నీళ్ళేనమ్మా. తీర్థం కదా."

"పక్కనే ఫిల్టరు నీళ్ళ క్యాను పెట్టుకుని! నా బోరు నీళ్ళకు బిందెలో అరంగుళం సున్నం గడతా ఉంది. ఇంక దీని పేగుల్లో ఎంత గట్టిందో! పైన గుడ్డతో తుడిస్తే అది పోతుందా? ఆ అలమరాలో నిమ్మఉప్పు ఉంటాది, తీయి."

ఓబులేసు క్యాను నీళ్ళలో రెండు పెద్ద చెంచాల నిమ్మఉప్పు కరిగించి తొట్టిలో పోశాడు. నారింజ దీపం వెలిగితే లోపలి సున్నం కడగాలనీ, అందుకు మీటనూ పక్కనున్న చిన్న మీటనూ కలిపి ఐదు లెక్కపెట్టేదాకా నొక్కి పట్టాలనీ మిషనుతో వచ్చిన కాగితంలో రాసి ఉంది. రెండేళ్ళలో ఆ కాగితం మడత విప్పడం అదే మొదటిసారి. కంగారులో క్యాప్సూలు తీయడం మరచిపోయాడు. గిన్నె నిండా పుల్లటి మడ్డినీళ్ళు పడ్డాయి. మళ్ళీ మొదటినుంచి. రెండోసారి, ఎంతవరకు వచ్చిందో చూద్దామని సగంలో తొట్టి ఎత్తాడు. మిషను అలిగినట్టు ఆగిపోయింది. మళ్ళీ మొదటినుంచి. మూడోసారి గొట్టంలోంచి తెల్లటి పొలుసులు రాలడం మొదలైంది, పాత సున్నపు గోడ పెచ్చులూడినట్టు. పైన ఉన్న సన్న రంధ్రం పూడిపోయి ఉంటే పిన్నీసుతో పొడిచాడు. చొక్కా తడిసింది, వేళ్ళు చిమచిమలాడాయి, నడుం లాగింది. నేను బతుకు గురించి అడిగితే ఈవిడ నా చేత గొట్టాలు కడిగిస్తోందేమిటని లోలోపల ఉడికిపోయాడు. ధ్యానమూ, దీపమూ, తులసి వాసనా నిండిన ఆ వెనక గది, తను కలగన్న గది, వంటింటి కిటికీలోంచి కనిపిస్తూనే ఉంది. దాని తలుపుకు గడియ వేసి ఉంది.

"ఇప్పుడు ఇరవై నిమిషాలు ఊరికే వదిలేయాలంట" అన్నాడు కాగితం చూసి, పళ్ళు నూరుతూ. "లోపల నానాలంట."

"నాననీ." రుక్మాంబగారు పీట లాక్కుని కూర్చున్నారు. "అంతలోపల చెప్పు. ఇంట్లో శాంతి లేదంటివి. ఆ పిల్ల ఏమంటాది?"

"ఏముందమ్మా, అవే మాటలు."

"ఏ మాటలు?"

"దినామూ ఉండేవే. నేను ఇంటికి పోతూనే గుమ్మంలో మొదలుపెడ్తాది."

"అదే అడుగుతాండా. ఏమని?"

ఓబులేసు నోరు తెరిచాడు. ఈశ్వరి గుమ్మంలో నిలబడటం గుర్తుంది. తడి చేతులు కొంగుకు తుడుచుకోవడం గుర్తుంది. ఆమె పెదవులు కదలడం గుర్తుంది. మాట మాత్రం ఒక్కటీ లేదు.

"చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటానమ్మా" అన్నాడు మెల్లగా. "ఆర్నెల్లుగా. మనసు చెడకూడదని."

"పెట్టుకుని ఏం వింటావు?"

"మీ పాఠాలే. ఫోన్లో రికార్డు చేసుకున్నవి."

గంగులప్ప కిటికీలోంచి బయటికి చూడసాగాడు. "నా గొంతా" అన్నారు రుక్మాంబగారు. ఆవిడ ముఖమంతా విసుగుతో ముడుచుకుపోయింది. ఆ విసుగు ఓబులేసు మీదో, తన గొంతు మీదో చెప్పడం కష్టం.

"ఇప్పుడు దాని అవసరం కూడా లేదులేమ్మా" అన్నాడు ఓబులేసు, ఆవిడను ఊరడిస్తున్నట్టు. "నాలుగు దినాలుగా ఈశ్వరి ఏమీ అంటల్లేదు. అన్నం పెడ్తాది, లోపలికి పోతాది. అరుపుల్లేవు, ఏడుపుల్లేవు. ఇట్లా చల్లబడినప్పుడే బయటపడితే ఎవరికీ బాధుండదని, ఈ దినం సంచీ తెచ్చుకున్నా."

ఆ మాట అంటుండగానే తన గొంతు తనకే వింతగా వినిపించింది. రుక్మాంబగారు గోడ గడియారం వైపు చూశారు. "ఇరవై అయినాయి. కానీ తొందరగా" అన్నారు. ఆరేళ్ళలో ఆవిడ నోట తొందర అనే మాట అతను వినలేదు.

ఓబులేసు మంచినీళ్ళు రెండు తొట్లు నింపి, పులుపు పోయేదాకా కడిగాడు. ఈసారి ఒక్క తప్పూ చేయలేదు. నారింజ దీపం ఆరిపోయింది. కొత్త క్యాప్సూలు పెట్టి మీట నొక్కితే, కాఫీ సన్నటి ధారగా, చిక్కగా, నురగ కట్టుకుంటూ దిగింది. వంటిల్లంతా కమ్మటి వాసన నిండింది. ఇంకో రోజైతే ఆ ఆవిరి వంకీల్లో అతను ఒక చీర అంచు గీసుకునేవాడు. ఇప్పుడు అందులో ఈశ్వరి పెదవులే కదులుతున్నాయి. గుడ్లు మిటకరించి వాటిని చదవబోయాడు. ఒక్క మాట పోల్చుకోగలిగాడు, అది తన పేరు. దాని తర్వాతవి ఎంత చూసినా తెలియలేదు.

రుక్మాంబగారు రెండు చేతులతో కప్పు పట్టుకుని కాఫీ తాగారు. అతను నిలబడే ఉన్నాడు. చివరి గుక్క కూడా అయింది.

"అమ్మా, నా ప్రశ్న" అన్నాడు. పొద్దున అడిగినప్పటి గొంతు కాదది.

"నీ ప్రశ్నకేం నాయనా, అది ఎన్నాళ్ళైనా ఉంటాది. ఆ పిల్ల ప్రశ్న ఏందో నాకూ తెలీదు, నీకూ తెలీదు. అడిగి అడిగి మానుకుని నాలుగు దినాలాయె" అని రుక్మాంబగారు కప్పు కింద పెట్టారు. "ఇంటికి పోదువు, బండి తాళాలు యాడ పెట్టినావు?"