పురుడు పోసిన గొర్రెల సుంకప్ప

అనగనగా ఒక ఆశ్వయుజ మాసం. బహుళ తదియ, ఆదివారం, పొద్దు నడినెత్తికి వచ్చిన వేళ. ఏ సంవత్సరమో మా పెద్దలు చెప్పలేదు. బిడ్డ పుట్టిన ఘడియ కాబట్టి తిథీ వారమూ మాత్రం మరవలేదు.

లింగమ్మను తొలికాన్పుకు పుట్టింటికి తీసుకుపోతున్నారు. బండిలో ఆమె. వెంట మగవాళ్లు ముగ్గురు: మొగుడు ఈరన్న, మామ, మరిది మద్దిలేటి. దారిలో వంక పొంగింది. బండి ఆగింది. నొప్పులు ఆగలేదు.

లింగమ్మ కేక పెట్టింది. ముగ్గురూ అటు తిరిగి నిలబడ్డారు. "మగవాళ్లం, మేమేం చేస్తాం?" అన్నాడు మామ.

రెండోసారి కేక పెట్టింది. "మగవాళ్లం, మేమేం చేస్తాం?" అన్నాడు మరిది.

మూడో కేకలో బలం లేదు. ఈరన్న నోరు తెరిస్తే ఆ మాటే వచ్చింది.

గట్టు మీద గొర్రెలు మేపుతున్న సుంకప్ప ఇదంతా విన్నాడు. పెళ్లాం బిడ్డలు లేని ఒంటిమనిషి. కర్ర పక్కన పెట్టి, మోచేతుల దాకా కడుక్కుని వచ్చాడు.

"ఏందిరా, ఇంత మీసం పెట్టుకుని ఆడోళ్ల పనికి వస్తివా?" అన్నాడు మద్దిలేటి.

"మీసానికి పనేం లేదులే అన్నా, చేతులకే పని. ఎన్ని గొర్రెలకు కాన్పు చేసినానో! నువ్వు మగోడివా అని ఒక్కటీ అడగలా."

బండి దగ్గర తల వంచుకుని నిలబడ్డాడు. "అమ్మా, రానా?"

"రా నాయనా. సుంకులమ్మ తల్లే పంపింది నిన్ను."

బిడ్డ ఎదురుకాళ్లతో వస్తోంది. "ఈరన్నా, ఎక్కు. ఆమె తల ఒళ్లో పెట్టుకో" అన్నాడు సుంకప్ప. ఈరన్న ఎక్కాడు. చాలాసేపటికి ఆడపిల్ల ఏడ్చింది. ఆ పిల్లే మా అవ్వకు అవ్వ.

సాయంత్రానికి వంకలో నీళ్లు తీశాయి. బండి కదిలాక మామ అన్నాడు: "మగోడు పురుడు పోసినాడంటే తలెత్తుకోలేం. ఎవరో మంత్రసాని అని చెప్పండి."

మర్నాడు పొద్దున లింగమ్మ తల్లి అడగనే అడిగింది: "ఏ మంత్రసాని అల్లుడా? మంచి చీర పెట్టాలి."

మామ నేల చూశాడు. మద్దిలేటి గోడ చూశాడు.

"పంచె పెట్టాలత్తా" అన్నాడు ఈరన్న. "గొర్రెల సుంకప్ప."

అని, పురిటిగుడ్డల మూట ఎత్తుకుని అందరి ముందే బావి దగ్గరికి నడిచాడు.

"ఆడోళ్లం ఉన్నాం కదా నాయనా!"

"నిన్న లేరు కదా అత్తా."

సుంకప్పను బతికినన్నాళ్లూ కుర్రాళ్లు "మంత్రసాని మామా" అని ఏడిపించారు. "పిలవండ్రా, పిలిస్తేనే కదా వచ్చేది" అనేవాడట. పిలిచిన ఇంటికల్లా వెళ్లాడు. ఏడ్చే ఇల్లాలు లేకుండానే దేవుడి దగ్గరికి పోయాడు.

ఇప్పటికీ మా ఇంట బిడ్డ పుడితే, మరునాటి పొద్దున పురిటిగుడ్డలు తండ్రే ఉతుకుతాడు, సుంకప్ప పేరు తలుచుకుని. మొన్న నా మనవడు ఉతికాడు. పక్కన నిలబడి వాడి తమ్ముళ్లు నవ్వారు. తడిచీర ఆ కొస పట్టుకుని పిండండ్రా అన్నాడు వాడు. పట్టుకున్నారు.