ఉప్పుకోట రాణికి వంత

ఫణీంద్రకు అనుమానం మొదట స్నేహితుల మీదే వచ్చింది.

చిన్నప్పటినుంచి అతనికి మాయల నవలలంటే ప్రాణం. రెక్కల గుర్రాలూ, మాట్లాడే కొండలూ చదివి చదివి, చివరికి తనే ఒక కథ అల్లుకున్నాడు. ఉప్పుకోట రాణి కథ. దానికి గిటారూ డ్రమ్ములూ పెట్టి, బుర్రకథ దరువు కలిపి, మొదటి పాట నుంచి ఆఖరి పాట దాకా ఒకే కథ నడిచే ఆల్బం చేద్దామనుకున్నాడు. ఆ దరువు కోసమే రేపల్లెలో నాంచారమ్మ గారి దగ్గర శిష్యుడిగా చేరాడు.

అంతా బాగానే ఉందనగా, డ్రమ్ములు వాయించే ఇస్సాకూ గిటారు వాయించే చలపతీ ఒక మూల గుసగుసలాడుకోవడం కంటబడింది. పాటలు ఎత్తుకుపోతారనుకున్నాడు. ఇద్దరినీ పంపించేశాడు. గదికి తాళం వేసుకుని గిటారు తనే, డ్రమ్ములు తనే, పాట తనే, వంత తనే. అన్నీ విడివిడిగా రికార్డు చేసి ఒకదాని మీద ఒకటి పేర్చాడు.

తీరా వింటే, శ్రుతి తప్పలేదు, తాళమూ తప్పలేదు. కానీ ఎవరూ లేని ఇంట్లో ఫ్యాను తిరుగుతున్నట్టుంది.

మైకు మార్చాడు. గది మార్చాడు. అనుమానం ఎంత చిత్రమైనదో చూడండి, ఇంట్లో మనుషులు అయిపోతే వీధిలోకి నడుస్తుంది. ఏదో మెళకువ గురువుగారే దాచారనుకున్నాడు. రేపు ఆల్బం కంపెనీకి పంపెయ్యాలి. ఇది పోతే మళ్ళీ అతని పాట వినేవాళ్ళు లేరు.

మధ్యాహ్నం అతను వెళ్ళేసరికి నాంచారమ్మ చాప మీద కూర్చుని తంబురా తీగ బిగిస్తోంది. ఆమె పక్కన జీవితమంతా వంత పాడిన మస్తాన్‌బీ చింతపండు పిక్కలు తీస్తోంది. అతన్ని చూసి ఇద్దరూ మాట ఆపారు. నాంచారమ్మ పక్కనున్న పళ్ళెం మీద గుడ్డ కప్పింది. ఫణీంద్ర రెండూ గమనించాడు.

"అమ్మగారూ, నాకు చెప్పకుండా మీరేదో దాచుకున్నారు."

"దాచుకుంటే?"

"అడిగి తీసుకుపోదామని వచ్చాను. ఇవ్వకపోతే ఇక రాను."

"పోయేది ఎలాగూ పోతావు, ముందు వినిపించి పోరా" అంది మస్తాన్‌బీ.

ఫోనులో పాట పెట్టాడు. నాంచారమ్మ కళ్ళు మూసుకుని వింది.

"కుడిపక్క వంత ఎవరు?"

"నేనే."

"ఎడమపక్క?"

"అదీ నేనే."

"నా పొట్ట కొట్టావు కదరా నాయనా" అంది మస్తాన్‌బీ.

"అది కట్టెయ్" అంది నాంచారమ్మ. "కథ నోటితో చెప్పు." మస్తాన్‌బీ వైపు తిరిగి, పెదాల మీద వేలు పెట్టింది.

ఫణీంద్ర మొదలుపెట్టాడు. ఉప్పుతో కట్టిన కోట. వాన పడితే కరిగిపోతుంది. అందుకని రాణి తన నీడను మేఘానికిచ్చి, ఇటు రావద్దని మాట తీసుకుంది.

ఇద్దరూ ఊఁ అనలేదు. తల ఊపలేదు.

"వింటున్నారా?"

"వింటున్నాను" అంది నాంచారమ్మ, వేలు తియ్యకుండానే.

మళ్ళీ కథ అందుకున్నాడు. కొంపదీసి కంఠతా పట్టేస్తోందా ఈవిడ? ఆ ఆలోచన రాగానే మాట తడబడింది. నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగే కథ, తరవాతేమిటో గుర్తు రాలేదు.

అప్పుడు నాంచారమ్మ వేలు దించింది.

మస్తాన్‌బీ చింతపండు మీంచి చూపు ఎత్తకుండానే, "ఊఁ, మేఘం పోయింది, నీడా పోయింది. మరి ఎండకి ఏం చేసిందిరా ఆ తల్లి?" అంది.

అది కథలో లేదు. అతనెప్పుడూ అనుకోలేదు.

"ఎండకి... ఎదుటివాళ్ళ నీడలో నిలబడదామని వెళ్ళింది."

"ఆహా. నిలబడనిచ్చారా?"

"నిలబడనివ్వడానికి ఎవరూ లేరు పిన్నీ. ఉప్పు గోడలు గీరుకుపోతారని అందరినీ అంతకుముందే..."

ఫణీంద్ర ఆగిపోయాడు. ఈసారి మరిచిపోయి కాదు.

నాంచారమ్మ పళ్ళెం మీద గుడ్డ తీసింది. ఈగలు ముసరకుండా కప్పిన మామిడితాండ్ర. ముక్కలు కోసి, కాగితంలో పొట్లం కట్టి అతని చేతిలో పెట్టింది.

"దాచింది ఇదే. మీ ముగ్గురికీ సరిపోతుంది, పట్టుకెళ్ళు."